పై వాటా కంప్యూటర్ ఎవరింటిది

అదిగో, మీరూ అదే అంటున్నారు, అవునని ఒక్క నొక్కు నొక్కేస్తే పోయేదిగా అని. ఆవిడ కూతురూ అదే అంది. మరిదీ అదే అన్నాడు. అక్కడే కూర్చుని దారాలు కత్తిరిస్తున్న నేనూ అదే అన్నాను. నొక్కితే పోయేదే. కానీ ఆవిడ నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో తెలియాలంటే ముందు ఆ మనిషి తెలియాలి. కంప్యూటర్ సంగతి ఆ తర్వాత.

మా వీధిలో ఆవిడను అందరూ బ్యాడ్జీలక్క అంటారు. బడిపిల్లల జేబుల మీద గుర్తులు, డాక్టర్ల తెల్లకోట్ల మీద పేర్లు, హోటల్ తువ్వాళ్ళ మూలన చిన్న చిన్న అక్షరాలు, ఇవన్నీ ఆవిడ ఇంటి ముందు గదిలో ఉన్న ఎంబ్రాయిడరీ మిషన్ మీదే తయారవుతాయి. గది పెద్దదేం కాదు. కిటికీ పక్కన మిషన్, దానికి ఎదురుగా కంప్యూటర్ బల్ల, గోడ పొడుగునా చెక్క అరల్లో దారం కోన్లు. ఎరుపు పక్కన ఎరుపే పేర్చి ఉంటుంది గానీ అందులో ఏ రెండూ ఒకటి కావు. ఏ బడికి ఏ ఎరుపో ఆవిడకే తెలుసు. తలుపు దగ్గర ఉన్న చిన్న పీట నాది. మిషన్ మీద నుంచి దిగిన బ్యాడ్జీలో ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి పాకిన దారాలుంటాయి. వాటిని వంకర కత్తెరతో తీసేయడం నా పని.

మిషన్ కుడుతుంది గానీ దానికి సొంత బుర్ర ఉండదు. బొమ్మను ముందు కంప్యూటర్లో పెట్టి, ఏ కుట్టు ఎటు పోవాలి, ఎక్కడ ఒత్తుగా పడాలి, ఎక్కడ ఆగి రంగు మార్చాలి, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పాలి. అలా చెప్పడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది లేకపోతే అంత పెద్ద మిషనూ ఇనప సామానే. ఆవిడ దాన్ని ఏ స్కూల్లోనూ నేర్చుకోలేదు. గుడ్డలు పాడుచేసుకుంటూ నేర్చుకుంది. "నేను తగలేసిన గుడ్డలన్నీ కలిపి కుడితే ఈ వీధి మొత్తానికి పందిరి వేయొచ్చు" అంటుంది.

ఇక ఆవిడ గుణం. అబద్ధం ఆడదు. గొప్ప కోసం కాదు. ఆడటం రాదు, అంతే. కొందరికి ఈల వేయడం రాదు చూడండి, అలాగ. కూతురు చిన్నప్పుడు ఇద్దరూ బస్సులో వెళ్తున్నారు. పిల్లకు టికెట్ తీసుకోవాల్సిన వయసు ముందురోజే వచ్చింది. కండక్టర్ పిల్లను చూసి అడక్కుండానే ముందుకు వెళ్ళిపోతుంటే ఈవిడ పిలిచింది.

"బాబూ, మా అమ్మాయికి నిన్నటితో టికెట్ వయసు వచ్చింది. టికెట్ ఇవ్వు."

"నేను అడగలేదు కదమ్మా."

"నువ్వు అడగకపోతే దానికి వయసు రావడం ఆగుతుందా?"

ఆ కూతురు ఇప్పుడు మందుల షాపులో పనిచేస్తోంది. ఇప్పటికీ ఈ సంగతి చెప్పి, "బస్సంతా నన్నే చూశారు. మా అమ్మకి సిగ్గులేదు సరే, నాకుంటుంది కదా" అని నవ్వుతుంది.

ఆ గుణంతోనే ఒకసారి కొంప మీదికి తెచ్చుకుంది.

ఆవిడ భర్త వ్యాన్ నడుపుతాడు. ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ. భర్త తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ మరిది, అతని భార్య కూడా మొదట్లో కింది వాటాలోనే ఉండేవారు. అందరికీ ఒకటే వంట. తోడికోడలిని బ్యాడ్జీలక్క చెల్లీ అనే పిలుస్తుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆ చెల్లి అక్క పక్కన కుర్చీ లాక్కుని పని నేర్చుకుంది. చెయ్యి చురుకు. నోరు ఇంకా చురుకు. ఇద్దరూ ఒకేసారి పనిచేసుకోవచ్చని మరిది తన ల్యాప్‌టాప్‌లో కూడా ఆ సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. కూతురి ల్యాప్‌టాప్‌లో ఇంకొకటి. మిషన్ అమ్మినాయన అప్పుడే చెప్పాడు.

"ఇది ఒక ఇంటికి ఇచ్చేదమ్మా. ఆ ఇంట్లో మూడు కంప్యూటర్ల దాకా పెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా వాడుకోవచ్చు. పక్కింటికి ఇవ్వకూడదు, చుట్టాలకి ఇవ్వకూడదు."

ఆవిడ తలూపింది. ఆవిడ తలూపిందంటే సంతకం పెట్టినట్టే.

తర్వాత పక్షి గొడవ వచ్చింది. ఒక బడికి రెక్కలు చాపిన పక్షి గుర్తు. మొదటిసారి మొదలు నుంచి చివరిదాకా చెల్లి ఒక్కతే చేసింది. బడి మేనేజరు వచ్చి, బాగుందమ్మా అని సంచిలో వేసుకోబోతుంటే అక్క చెయ్యి చాచి తీసుకుంది.

"ఉండండి. పక్షికి కన్ను లేదు."

అని ఊరుకుందా, బల్ల మీద ఉన్న కుట్లు విప్పే సూది తీసి, ఆయన ముందే తల భాగం బరబరా విప్పేసింది. పక్షి బోడిగా మిగిలింది. మేనేజరు నవ్వాడు. ఆ నవ్వే చెల్లికి తగిలింది. ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడే మాకు అర్థం కావాల్సింది, ఎందుకంటే ఆ అమ్మాయి ఏమీ అనకుండా ఊరుకోవడం అంతకుముందు మేమెవరం చూడలేదు.

కొన్నాళ్ళకు పై వాటాలో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు. "ఇల్లు ఇరుకవుతోందక్కా, మేం పైకి పోతాం" అంది చెల్లి. "అవును, ఇరుకే" అంది అక్క. అంతే. తగాదా అని పేరు పెట్టడానికి కూడా ఏమీ లేదు. పైన వేరే పొయ్యి, వేరే కాలింగ్ బెల్. చెల్లి చిన్న మిషన్ ఒకటి కొనుక్కుని టోపీలు, టీషర్టులు సొంతంగా మొదలుపెట్టింది. దారాల పార్సిళ్ళు పైవి కిందికి, కిందివి పైకి పోతున్నాయని, బోర్డులు రాసే పెయింటర్ చేత ఒక రేకు మీద ఇంటి నంబరు రాయించి, పక్కన గీత గీయించి, ఒకటి వేయించి గేటుకు బిగించింది. పాత నంబరు పలక కిందనే చోటుండటంతో దాని కింద పెట్టింది. పోస్టతను వచ్చి, "పైవాళ్ళ నంబరు కింద, కిందివాళ్ళది పైన. ఎవరు ఎక్కడున్నారమ్మా మీరు?" అని తల గోక్కున్నాడు.

ఇద్దరికీ మాటల్లేవని కాదు. మోటారు ఆపావా, చెత్తబండి వచ్చింది, ఇలాంటివి నడిచేవి. అక్క మెట్లెక్కేది డాబా మీద బట్టలు ఆరేయడానికే. పై గుమ్మం పక్క నుంచే వెళ్ళేది గానీ లోపలికి చూసేది కాదు. చూసేది కాదు గానీ వినేది. పైన మిషన్ టకటకలాడుతూ ఆగిపోతే కింద ఈవిడ చెయ్యి కూడా ఆగేది.

"దారం తెగింది" అనేది నాతో.

మళ్ళీ మొదలైతే, "ఎక్కించింది."

ఎంతకీ మొదలవకపోతే, "బాబిన్‌లో కింది దారం అయిపోయుంటుంది. ముందే చూసుకోవే అంటే వినదు."

"పైకెళ్ళి చెప్పొచ్చుగా అక్కా" అంటే, "నాకేం పని" అనేది.

అలా ఏళ్ళు గడుస్తుండగా ఒకరోజు పొద్దున కంప్యూటర్ తెరవగానే తెర మధ్యలో ఒక గడి వచ్చి కూర్చుంది. కూతురు షాపుకు బయల్దేరి చెప్పులు వేసుకున్నదల్లా మళ్ళీ వెనక్కి వచ్చి చదివింది.

"ఇది ఒక ఇంటి కోసం ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అంట. మన మూడు కంప్యూటర్లలో ఒకటి వేరే చిరునామాలో కనిపిస్తోందంట. అది మీ ఇంటిదేనా అని అడుగుతున్నారు. అవునంటే అవునని నొక్కాలి, కాదంటే కాదని నొక్కాలి. కాదంటే దాంట్లో ఇది పనిచేయదు. శుక్రవారం లోపు ఏదీ నొక్కకపోయినా అంతే, దాంట్లో ఆగిపోతుంది."

"వేరే చిరునామా ఎక్కణ్ణుంచి వచ్చిందే?"

కూతురు పైకి పరిగెత్తి, కాసేపటికి దిగొచ్చింది. దారాల రంగుల కార్డు మీ ఇంటికి పంపిస్తాం, చిరునామా ఇవ్వండి అని ఆ సాఫ్ట్‌వేర్లోనే ఏదో వస్తే, పిన్ని పైనున్న ల్యాప్‌టాప్‌లో నంబరు, గీత, ఒకటితో సహా ఇచ్చేసిందట. రంగుల కార్డు ఇంకా రానేలేదు. ఈ గడి మాత్రం వచ్చింది.

"పిన్ని తెర మీదా ఇదే ఉందమ్మా. కానీ అక్కడ నొక్కడానికేం లేదు. కొన్నవాళ్ళ జవాబు కోసం చూస్తున్నాం అని ఉంది. అప్పటిదాకా బొమ్మ గీసుకోవచ్చంట, సేవ్ చేసి దాచుకోవడానికి కుదరదంట. కొన్నది నీ పేరు మీద. నువ్వే చెప్పాలి. అవునని నొక్కేస్తున్నా."

"నొక్కకు."

"ఏం?"

"ఒక ఇంటికి ఇచ్చింది అన్నారు కదే. పైవాళ్ళు వేరే పొయ్యి పెట్టుకున్నారు, వేరే నంబరు వేసుకున్నారు. ఒకే ఇల్లని ఎలా చెప్పను?"

"ఎవరైనా వచ్చి చూస్తారా అమ్మా?"

"ఎవరూ చూడకపోతే రెండు పొయ్యిలు ఒకటవుతాయా?"

కూతురు నా వైపు చూసింది. నేను కూడా, "నొక్కేయరాదూ అక్కా, వాళ్ళకెక్కడ తెలుస్తుంది" అన్నాను. ఆవిడ ఒక బ్యాడ్జీ తీసి నా ఒళ్ళో వేసి, "ఈ మూల దారం చూడలేదు నువ్వు" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అదే వారంలో చెల్లికి పెద్ద పని తగిలింది. ఫుట్‌బాల్ నేర్పే కోచ్ ఒకాయన తన జట్టు మొత్తానికి టోపీలు చెప్పాడు, ఆదివారం ఆటకు. పైకి వెళ్ళాక ఆ అమ్మాయికి వచ్చిన మొదటి పెద్ద పని అది. బొమ్మ సగంలో ఉంది. అది దాచుకోలేకపోతే మిషన్‌కు ఎక్కించడం కుదరదు. ఎక్కించలేకపోతే టోపీలు లేవు. సొంతంగా ఇంకో సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలంటే ఇంకో మిషన్ కొన్నంత. కోచ్ ఒక్కసారి చెయ్యి జారిపోతే మళ్ళీ ఆ మెట్లెక్కడు. ఇదంతా కింద అక్కకు తెలుసు. పైన మిషన్ ఆగిపోయిందని ఆవిడకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

సాయంత్రం మరిది దిగొచ్చాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది.

"వదినా, ఏంటిది? అవునంటే సరిపోయేదానికి ఇంత ఆలోచనా?"

"నువ్వు చెప్పు. మనది ఒకే ఇల్లేనా?"

అతను నోరు తెరిచి మూసేశాడు. లిఫ్టు తలుపు తెరుచుకుని, లోపల ఎవరూ లేరని మళ్ళీ మూసుకున్నట్టు.

"ఇల్లు ఒకటే కదా వదినా. మెట్లు బయట నుంచి ఉన్నాయనుకో."

"మెట్ల గురించి కాదయ్యా నేనడిగేది."

"మరి దేని గురించి?"

ఆవిడ మిషన్ వైపు తిరిగింది. అతనికి అర్థం కాలేదో, అయినా కానట్టు ఊరుకున్నాడో, వెళ్ళి కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. పోతూ పోతూ, "కాదని మాత్రం నొక్కకు. అది పైన అన్నం తినడం మానేసింది" అన్నాడు.

కాదని నొక్కడానికి ఆవిడకు చెయ్యి రావడంలేదు. అవునని నొక్కడానికి మనసు ఒప్పడంలేదు. మర్నాడంతా ఆ గడిని తెర మూలకు నెట్టి, దాని పక్కన కొంచెం చోటు చేసుకుని తన పని చేసుకుంది. ఒక డాక్టర్ పేరు రెండుసార్లు కుట్టింది. రెండుసార్లూ తనే విప్పింది. అలా చేయడం నేను చూడటం అదే మొదలు.

గురువారం కూతురికి సెలవు. కంపెనీ వాళ్ళ నంబరు వెతికి ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి తల్లి చేతికిచ్చింది. అవతల ఒకమ్మాయి. గొంతు మెత్తగా ఉంది.

"మేడమ్, మీ మూడు కంప్యూటర్లూ ఒకే ఇంట్లో ఉన్నాయా అండీ?"

"ఇల్లంటే మీ లెక్కలో ఏంటమ్మా? అది చెప్పు ముందు."

ఇలా అడిగినవాళ్ళు ఆ అమ్మాయికి ఇంతకుముందు తగిలినట్టు లేరు. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది.

"ఒకే చోట, ఒకే కుటుంబంగా కలిసి ఉంటున్నవాళ్ళు. అలా రాసుంది మేడమ్."

"కలిసి ఉంటున్నవాళ్ళు అంటే? ఒకే కప్పు కింద ఉంటే చాలా, ఒకే పొయ్యి ఉండాలా?"

"పొయ్యి గురించి ఏమీ లేదండీ మా దగ్గర."

"ఉండాల్సింది. మా మరిది, మా చెల్లి పైన ఉంటారు. కప్పు ఒకటే. వంట వేరు. మరి కలిసి ఉన్నట్టా, లేనట్టా?"

"అది మీరే చెప్పాలి మేడమ్. మీరు ఏది చెప్తే అది నేను రాసుకుంటాను."

కూతురు చేతులు జోడించి తల్లికి సైగలు చేస్తోంది, అవునని చెప్పు అని. ఆవిడ కూతురి వైపు చూడనే లేదు.

"నేను ఒక్కదాన్నే ఎలా చెప్పేది? ఇద్దరు ఉండాలి కదా కలిసి ఉండటానికి. లైన్లో ఉండమ్మా" అని ఫోన్ అలాగే పట్టుకుని బయటికి నడిచింది.

మెట్లెక్కింది. వెనక కూతురు, కూతురి వెనక నేను, చేతిలో కత్తెరతో సహా. ఆవిడ ఈసారి పై గుమ్మం దాటి డాబాకు పోలేదు. గుమ్మంలో ఆగింది. లోపల చెల్లి ఆగిపోయిన మిషన్ ముందు కూర్చుని ఉంది. పక్కన అట్టపెట్టె నిండా కుట్టని టోపీలు. వెనక పొయ్యి మీద గిన్నెలో కూర ఉడుకుతోంది.

"చెల్లీ, ఒక మాట. మనం కలిసి ఉన్నామా?"

"ఏంటక్కా కొత్తగా? ఎవరడిగారు?"

"కంపెనీ వాళ్ళు."

"మన గోల వాళ్ళకెందుకు?"

"లైన్లోనే ఉంది ఆ అమ్మాయి. వింటోంది."

"నమస్తే మేడమ్, నాకేం తొందర లేదండీ" అంది ఫోన్లో అమ్మాయి.

చెల్లి ఫోన్ వైపు చూసింది, అక్క వైపు చూసింది. "అవునని చెప్పేయక్కా. నీకు పుణ్యముంటుంది. ఆదివారం టోపీలివ్వాలి నేను."

"చెప్పడానికి చెప్తాను. నిజమా కాదా అని నిన్ను అడుగుతున్నాను."

"నన్నడిగితే?" చెల్లి లేచి నిలబడింది. "బెల్లులు రెండు, పొయ్యిలు రెండు, నంబర్లు రెండు. నిజం మాట్లాడేది నువ్వు కదా, నువ్వే చెప్పు. పక్షికి కన్ను లేదని ఊరందరి ముందూ చెప్పావు, ఇదొక లెక్కా నీకు?"

"ఊరందరి ముందూ కాదు. ఆయన ఒక్కడే ఉన్నాడు."

"ఆయన నవ్వాడు."

"నవ్వాడు" అంది అక్క. "కన్ను లేకపోవడం నిజమే. విప్పడమూ సరే. ఆయన ముందు విప్పాల్సింది కాదు. లోపలికి పిలిచి చెప్పాల్సింది."

"లోపలికి పిలిచి చెప్తే నాలుగు కళ్ళు పెట్టేదాన్ని."

"పక్షికి నాలుగెందుకే?"

"నీ కోసం."

కూతురు మొహం పక్కకు తిప్పుకుంది, నవ్వు ఆపుకోవడానికి. ఫోన్లో కూడా ఏదో దగ్గు లాంటిది వినిపించింది.

"మేడమ్, అయితే నన్నేం రాసుకోమంటారండీ?"

"ఈ పూట నుంచి కలిసి ఉన్నారని రాసుకో" అంది అక్క.

"ఎప్పటి నుంచి అని రాయడానికి ఇక్కడ గడి లేదండీ. అవును, కాదు, రెండే."

"అయితే ఒక్క క్షణం."

ఆవిడ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. లోపలికి వెళ్ళి పొయ్యి ఆపింది. దండెం మీది గుడ్డ తీసుకుని, మసులుతున్న కూర గిన్నెను రెండు చేతులతో పట్టుకుని బయటికొచ్చింది. "జరగండి, కాలుతుంది" అని మమ్మల్ని తోసుకుంటూ మెట్లు దిగింది. చెల్లి, "అక్కా, ఉప్పు వేయలేదు దాంట్లో" అంటూ వెనకాలే దిగింది. కింది వంటింట్లో పొయ్యి మీద ఉన్న పాల గిన్నెను పక్కకు జరిపి, ఆ కూర గిన్నె పెట్టి, మంట వెలిగించింది. అప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నానండీ."

"అవును. ఒకే ఇల్లు. ఒకే కుటుంబం. కలిసే ఉంటున్నాం. రాసుకో."

అటు నుంచి రెండు మూడు కీలు నొక్కిన చప్పుడు. "రాశానండీ. మూడు కంప్యూటర్లూ మామూలుగా పనిచేస్తాయి. ఆ రెండో చిరునామా తీసేసి మీ చిరునామానే పెట్టుకోండి మేడమ్. లేకపోతే మళ్ళీ అడుగుతుంది."

"తీసేస్తాం. గేటుకున్నది కూడా తీసేస్తాం."

"గేటుది మాకు అక్కర్లేదండీ."

"నీకు అక్కర్లేదు. మాకుంది" అని పెట్టేసింది.

ఇదీ జరిగింది. ఆవిడ అబద్ధం ఆడిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గిన్నె పొయ్యెక్కాకే అవునంది. నేను చూశాను.

సాయంత్రానికి పైన మిషన్ మొదలైంది. మర్నాడు అది చాలదని కింది పెద్ద మిషన్ మీద కూడా టోపీలు ఎక్కించారు. ఆ గదిలో కాలు పెట్టే సందు లేదు. నేను, కూతురు, చివరికి మరిది కూడా కత్తెర పట్టుకుని కూర్చున్నాం. అతను దారంతో పాటు ఒక టోపీ అంచు కూడా కత్తిరించి, అన్న కోసం పక్కన పెట్టాడు. కోచ్ శనివారమే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క ఒక టోపీ తీసి వెలుతురులో పట్టుకుని చూసింది. నేను కత్తెర ఆపాను. ఆవిడ ఆ టోపీని మెల్లగా దించి, "చెల్లీ, ఒకసారి లోపలికి రా" అంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆ తలుపు సరిగ్గా పడదు. లోపల మాటలన్నీ కోచ్‌కు, మాకు చక్కగా వినిపించాయి.

"అక్షరాలు కొంచెం ఒత్తయ్యాయి. రెండు ఉతుకులకు ముడుచుకుంటాయి."

"ఎన్నింటికి?"

"అన్నింటికీ కాదు. నీ మిషన్ మీద కుట్టిన మొదటి కొన్నింటికి. నా మిషన్ మీదవి బాగున్నాయి."

"నీవి బాగుంటాయిలే."

"మాట వినవే. ఆయనకు చెప్పి ఇద్దాం. ముడుచుకుంటే మళ్ళీ కుట్టిస్తాం అని."

"నేనే చెప్తా. నువ్వు నోరెత్తకు."

బయటికొచ్చి చెల్లే చెప్పింది. కోచ్ అప్పటికే మొత్తం విన్నాడు గనక, కొత్తగా విన్నట్టు తలూపి, సరేనమ్మా అని పెట్టె ఎత్తుకుని పోయాడు. ఆ తర్వాత కూడా వచ్చాడు లెండి, ఇంకో జట్టుకు.

అలా అని అక్కడితో అంతా పంచదార పాకంలా అయిపోయిందని అనుకోకండి. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరికీ ఉప్పు దగ్గర పడదు. చెల్లి పై పొయ్యిని మూలకు నెట్టింది గానీ తీసేయలేదు. మధ్యాహ్నం పూట దాని మీద టీ పెట్టుకుంటుంది. అక్కకు అది ఒక పట్టాన మింగుడు పడలేదు.

"టీ పెట్టుకుంటే కలిసి ఉన్నట్టేనా?" అని ఒకరోజు నన్నడిగింది.

"టీ వంట కిందికి రాదులే అక్కా."

"కంపెనీ వాళ్ళని అడిగితే?"

కూతురు ఫోన్ తీసి జేబులో వేసుకుంది. "ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తుందమ్మా నీ దెబ్బకి."

చివరికి చెల్లే ఒక దారి చూపించింది. టీ పైనే పెడుతుంది, అందరికీ పెడుతుంది, కప్పులు పళ్ళెంలో పెట్టుకుని కిందికి తెస్తుంది. నాకూ ఒక కప్పు వస్తోంది కాబట్టి ఆ ఏర్పాటులో నాకైతే ఏ లోపమూ కనిపించలేదు. ఆవిడకూ నచ్చింది. ఇప్పుడు పైన మిషన్ ఆగితే దారం తెగిందో, బాబిన్ అయిపోయిందో నాకు చెప్పదు. కిటికీలోంచి తల బయట పెట్టి నేరుగా పైకే అరుస్తుంది. "నాకు కళ్ళున్నాయక్కా" అని పై నుంచి వస్తుంది. "పక్షికి కూడా ఉండాలి" అని కింది నుంచి పోతుంది.

మిగిలింది గేటుకున్న రేకు. ఫోన్ పెట్టేసిన మర్నాడే అక్క మరిదిని స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని తనే విప్పింది. తీసి పారేయలేదు. రేకు బాగుంది, తుప్పు పట్టలేదు, దాని మీద నంబరు, గీత, ఒకటి చెరిపించి బ్యాడ్జీలు, టోపీలు అని రాయించి మళ్ళీ అక్కడే బిగిద్దాం అంది. అందరికీ బాగానే ఉంది. టోపీలు ముందు రాయించాలని చెల్లి అంది. బ్యాడ్జీలు ముందు నుంచీ ఉన్నాయి కదా అని అక్క అంది. జట్టుకు జట్టు ఆర్డరిచ్చేది టోపీలకే కదా అని చెల్లి. ఆ మాట అక్కడే ఉంది.

పోయినవారం తెల్లదారం అయిపోతే అక్క సంచి తీసుకుని బయల్దేరింది. రేకు అందులోనే పెట్టుకుంది, వచ్చేటప్పుడు పెయింటర్ దగ్గర ఇచ్చేస్తాను, ఏది ముందో దారిలో ఆలోచించుకుంటాను అని నాకు చెప్పింది. దారం కొనుక్కుంది. పెయింటర్ షాపు ముందు నిలబడింది కూడా. అతను నిచ్చెన మీద ఎవరిదో బోర్డు రాస్తున్నాడు. "ఏం రాయాలమ్మా?" అని పై నుంచే అడిగాడట. ఈవిడ కాసేపు నిలబడి, "ఇంట్లో అడిగి చెప్తాను" అని వచ్చేసింది.

రేకు ఇంకా ఆ సంచిలోనే ఉంది, తెల్లదారం కోన్ల కింద. గేటు మీద స్క్రూల రంధ్రాలు రెండు మిగిలాయి. నిన్న పోస్టతను వాటిలోకి వేలు పెట్టి చూసి, "ఇక్కడ నంబరేమైందమ్మా?" అని అడిగాడు. "రాయించాలి" అంది అక్క, మిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే.